మూడు సున్నాల ఫస్ట్ క్లాస్

సున్నా వస్తే సంబరపడాల్సిన పరీక్ష నాకు తెలిసి ఒకటే ఉంది. అది క్రెడిట్ రిపోర్ట్, అంటే మన అప్పులూ వాయిదాల చరిత్ర. నెలకో గడి. వాయిదా వేళకు కట్టేస్తే ఆ గడిలో 000 పడుతుంది. జీతం పడిన పూటే ఈఎంఐ కట్టేసి, మిగిలిన నెలంతా బిక్కుబిక్కుమంటూ గడిపే పెద్దమనిషికి దక్కే బిరుదు అదే, మూడు సున్నాలు. ‘శభాష్’ అని రాయడానికి అక్కడ చోటు లేదు. ఆలస్యం చేసినవాడికి మాత్రం రోజులు లెక్కపెట్టి మరీ అంకె వేస్తారు.

ఈ లెక్కను డీపీడీ అంటారు. గడువు దాటి ఎన్నాళ్లయిందో చెప్పే లెక్క. రిపోర్ట్‌లో 36 నెలల గడులు వరసగా కనిపిస్తాయి. పెళ్లి పొంతనల్లోనూ చూసేది 36 గుణాలే కాబట్టి ఈ సంఖ్య నాకు కొత్తగా అనిపించలేదు. కాకపోతే అక్కడ సగం కలిస్తే చాలంటారు.

ఇంటి లోన్ కోసం ఒక బ్యాంకుకు వెళ్లాను. అధికారిగారు నా రిపోర్ట్ తెరిచి, కళ్లజోడు పైకి తోసుకుని, సున్నాల వెంట వేలు జరుపుతూ జరుపుతూ ఒకచోట ఆపారు. 043.

“ఈ జూన్‌లో ఏమైందండీ?”

ఏమీ కాలేదు. ఒకసారి గీకి మరిచిపోయిన క్రెడిట్ కార్డు బీరువాలో కాగితాల అడుగున పడి ఉంది. దానికి ఏడాది ఫీజు 500, జీఎస్టీతో కలిపి 590 రూపాయలు పడింది. మెసేజ్ వచ్చిన మాట నిజమే. లాటరీ తగిలిందన్న మెసేజ్‌ల మధ్య వచ్చింది కాబట్టి దాన్నీ నమ్మలేదు. ఇదంతా చెప్పాను. ఆయన జాలిగా తలూపి, “గడిలో కారణం రాసే వీలుండదండీ” అన్నారు.

కారణమే కాదు, ఎంత బాకీయో కూడా ఆ గడికి పట్టదు. 590 రూపాయలైనా 59 లక్షలైనా 043 అంటే 043. సమానత్వం కోసం జీవితాలు ధారపోసినవాళ్లు ఈ గడి చూసుంటే కంటతడి పెట్టేవారు.

కార్డు బిల్లు విషయంలో ఆర్‌బీఐ కొంత దయ చూపింది. గడువు దాటినా మూడు రోజుల వరకు లేటు అని రిపోర్ట్ చేయకూడదు. నాలుగో రోజు మాత్రం లెక్క ఒకటితో మొదలవదు, అసలు గడువు తేదీ నుంచే మొదలవుతుంది. మూడు రోజులు చూసీ చూడనట్టు ఊరుకుని, నాలుగో రోజు మొత్తం ఏకరువు పెట్టే ఇంటి పెద్దల పద్ధతి ఇది.

బ్యాంకులు సమాచారం పంపే తేదీకి ఏ బాకీ ఉంటే అదే గడిలోకి ఎక్కుతుంది. అందుకే పది రోజులు లేటైనా ఆ తేదీలోపు కట్టేసినవాడు సున్నాలతో బయటపడొచ్చు. 2025 జనవరి నుంచి పక్షానికోసారి పంపాలన్నారు. శుక్ల పక్షంలో ఒకసారి, కృష్ణ పక్షంలో ఒకసారి అనుకోండి. తప్పించుకునే సందు అలా ఇరుకైపోయింది.

మరి బ్యాంకే సమాచారం పంపడం మరిచిపోతే? ఆ గడిలో మూడు ఇంటూ మార్కులు పడతాయి. బ్యాంకు ఎన్ని రోజులు లేటో చెప్పే గడి మాత్రం నాకెక్కడా కనిపించలేదు. తప్పు పడిందని ఫిర్యాదు చేస్తే 30 రోజుల్లో తేల్చాలి, తేల్చకపోతే రోజుకు 100 రూపాయల పరిహారం. వాళ్ల ఆలస్యానికి రేటు కట్టారు, మన ఆలస్యానికి చరిత్ర రాశారు.

ఈ రిపోర్ట్‌లు తయారుచేసే నాలుగు సంస్థలూ, సిబిల్‌తో సహా, ఏడాదికోసారి రిపోర్ట్ ఉచితంగా ఇవ్వాలి. నేనెప్పుడూ తీసుకోలేదు. పంచాంగం మాత్రం ప్రతి ఉగాదికీ డబ్బులిచ్చి కొంటాను.

వీటన్నిటికన్నా నన్ను కలవరపెట్టింది ఒక మాట. అప్పు మొత్తం తీర్చినవాడి ఖాతా మీద ‘క్లోజ్డ్’ అని పడుతుంది. బేరమాడి, కొంత తగ్గించుకుని వదిలించుకున్నవాడికి ‘సెటిల్డ్’ అని పడుతుంది. ఆ మాట కనబడితే కొత్తగా అప్పిచ్చేవాడు వెనకడుగు వేస్తాడు. పిల్లాడు ఎప్పుడు సెటిలవుతాడా అని దేవుళ్లకు మొక్కే ఇళ్లలో పుట్టినవాళ్లం. ఇక్కడేమో క్లోజైనవాడికి గౌరవం, సెటిలైనవాడికి మచ్చ.

మొన్న పెద్దమ్మ ఫోన్ చేసింది. “ఒరేయ్, చెల్లికి మంచి సంబంధం వచ్చిందిరా. అబ్బాయి బాగా సెటిలయ్యాడట.”

“ఏ బ్యాంకులో పెద్దమ్మా?” అన్నాను కంగారుగా.

“బ్యాంకు కాదురా, సాఫ్ట్‌వేరు.”