ఊకదంపుడు లాభాలు

పర్యావరణ నవకల్పన (కాలుష్యం, వృథా తగ్గించే కొత్త పద్ధతి) వల్ల వ్యాపారానికి లాభమా, నష్టమా? పండితులు ముప్పై ఏళ్లుగా తేల్చుకోలేకపోతున్నారు. నిబంధనలు గట్టిగా పెడితే కంపెనీలే కొత్త దారి వెతుక్కుని ఆ ఖర్చు రాబట్టుకుంటాయని 1995లో మేనేజ్‌మెంట్ పండితులు పోర్టర్, వాన్ డర్ లిండే రాశారు. పాపం, వాళ్లు ఒడిశాలోని గుణుపురం దాకా వచ్చి ఉంటే ఒక్క సీజన్లో తేలిపోయేది. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి ఉసునా (ఉప్పుడు బియ్యం) మిల్లుల్లో సూత్రం చాలా సులువు: రిబ్బను కట్టడానికి వీలున్నది ఖర్చు, వీల్లేనిది లాభం. పరువు గల షావుకార్లంతా మొదటిదాన్నే ఎంచుకోవలసిందిగా మనవి.

ఉదాహరణకు సోలారు. 50 కిలోవాట్లకు దాదాపు 5 వేల చదరపు అడుగుల కప్పు కావాలి. కిలోవాటుకు రోజుకు 4 యూనిట్ల లెక్కన 200 యూనిట్లు వస్తాయని బ్రోచర్లో ఉంటుంది. బ్రోచర్లో పొట్టు ఎగరదు. మిల్లులో అయితే గాలిలోంచి పొట్టును విడదీసే సైక్లోను గొట్టం నోరు సరిగ్గా ఆ కప్పు వైపే తిరిగి ఉంటుంది. పొట్టు, చిమ్నీ మసి, వాటి మీద రాత్రి మంచు కలిసి తెల్లారేసరికి పలకల మీద అట్టు పోసినట్టు అవుతుంది. ఊకలో సిలికా ఉంటుంది కనుక పొడిగుడ్డతో రుద్దితే గాజు మీద గీతలే. పొద్దున్నే, పలక వేడెక్కకముందే, నీళ్లు పోసి మెత్తని బ్రష్షుతో కడగాలి. కడిగేది ఎవరో ఎస్టిమేటులో రాసి ఉండదు.

ఇక ముహూర్తం. ఆదాయపు పన్నులో సోలారుకు 40 శాతం తరుగుదల (ఆదాయం లెక్కలోంచి తీసేయనిచ్చే మొత్తం) ఇస్తారు. ఆ ఏడాది 180 రోజులకన్నా తక్కువ వాడితే అందులో సగమే. అంటే అక్టోబరు 3 దాటకుండా స్విచ్చి వెయ్యాలి. కానీ ఆషాఢంలో వద్దన్నారు, పితృపక్షం అసలే వద్దు, ఆ తర్వాత రిబ్బను కత్తిరించే పెద్దాయనకు డేట్లు లేవు. చివరికి రాయగడ మజ్జిగౌరమ్మకు దండం పెట్టుకుని కార్తీకంలో స్విచ్చి వేస్తారు. పెట్టుబడి పాతిక లక్షలనుకుంటే 5 లక్షల తరుగుదల పై ఏళ్లకు జరిగిపోయినట్టే. అంత ఖరీదైన ముహూర్తం పెళ్లికి కూడా ఎవరూ పెట్టించరు.

ఇప్పుడు నామోషీ నవకల్పనల సంగతి. ఇవన్నీ బాయిలరు గదిలో, మసిలో ఉంటాయి.

టన్ను వడ్లకు సుమారు 200 కిలోల ఊక వస్తుంది. బాయిలరు తినగా మిగిలింది ఇటుక బట్టీకి పోతుంది. కాబట్టి బాయిలరు చేత తక్కువ తినిపించిన ప్రతి బస్తా నేరుగా అమ్మకమే. బాయిలరుకు పోసే నీళ్లు 6 డిగ్రీలు వేడెక్కితే ఇంధనం 1 శాతం తగ్గుతుంది. 30 డిగ్రీల బోరు నీళ్లను 60కి తెస్తే 5 శాతం. ఆ వేడి ఎక్కడిదంటే, డ్రయ్యరు రేడియేటర్ల నుంచి కాలవలోకి వదిలేస్తున్న నీళ్లదే. (వడ్లలోకి కొట్టిన ఆవిరి తిరిగి రాదు, దాని మీద ఆశ పెట్టుకోవద్దు.) ఒక పైపు, ఒక తొట్టి చాలు. కాకపోతే తొట్టిని నేల మీద పెడితే వేడి నీళ్లు పంపులోనే ఆవిరై పంపు పట్టు వదిలేస్తుంది, లోపల రాళ్లు పోసినట్టు మోగుతుంది. తొట్టి పంపుకన్నా బాగా ఎత్తున ఉండాలి. చాలాచోట్ల ఈ ఎత్తు దగ్గరే పథకం మూలపడి, ‘మనకు కుదరదండీ’ అన్న నిర్ణయం వెలువడుతుంది.

తర్వాత స్టీమ్ ట్రాపు. జానెడు ఇనుప ముక్క. నీళ్లను వదిలి ఆవిరిని ఆపడం దాని ఉద్యోగం. ముందున్న జల్లెడ చిరిగి తుప్పు లోపలికి దూరితే తెరుచుకుని ఉండిపోతుంది. డబ్బు ఆవిరైపోవడం అనే మాట ఇక్కడ అక్షరాలా నిజం. పరీక్షకు ల్యాబు అక్కర్లేదు. స్క్రూడ్రైవరు మొన ట్రాపుకు, పిడి చెవికి ఆనించాలి. ఆగి ఆగి గళగళమంటే బాగున్నట్టు, ఆగకుండా బుస్సుమంటే షావుకారు సొమ్మే.

బ్లోయరుకు వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని తగ్గించి పెంచే పెట్టె) పెడితే వేగం 20 శాతం తగ్గినప్పుడు లోడు దాదాపు సగమవుతుంది. ఇప్పటికే డ్యాంపరు (గాలి దారిలోని రేకు తలుపు) మూసి గాలిని తగ్గించేవాళ్లకు అంత మిగలదు గానీ, గట్టిగానే మిగులుతుంది. ఆ వీఎఫ్‌డీని తవుడు ధూళిలో బిగిస్తే ఫిల్టరు మూసుకుపోయి సీజను మధ్యలో ట్రిప్పవుతుంది. అప్పుడు తప్పు నవకల్పనదే అవుతుంది, ధూళిది కాదు.

బూడిద సంగతి చెప్పనక్కర్లేదు. టన్ను ఊక కాలిస్తే 200 కిలోల దాకా. సరిగ్గా కాలితే సిలికాగా అమ్ముకోవచ్చు, సగం కాలి నల్లగా మిగిలితే ఆ కొనేవాళ్లు ముట్టరు. అందుకే దాన్ని రోడ్డు పక్కన పోసి, పైన నాలుగు మొక్కలు నాటి ఫొటో దిగుతున్నారు. బూడిదలో పోసిన పన్నీరు కనీసం వాసనైనా వచ్చేది.

లాభం తెచ్చేదానికే రిబ్బను కడదాం అని ఎవరైనా పట్టుబట్టవచ్చు. 7 కేజీల ప్రెషరు మీద ఆవిరి 170 డిగ్రీల దగ్గర ఉంటుంది. మెరిసే ప్లాస్టిక్ రిబ్బను కత్తెర వచ్చేలోపే ముడుచుకుని ట్రాపుకు అంటుకుపోతుంది. దాన్ని గీకడానికి ఫిట్టరుకు అరపూట.