పచ్చగా ఉంటే పిజ్జా అయినట్టే

వంటగది అంటే వంట చేసే చోటని నమ్మేవాళ్లు ఈ కాలంలో కూడా ఉన్నారు. తిరుపతి ఎయిర్ బైపాస్ రోడ్డు మీద ఒక పిజ్జా దుకాణంలో శనివారం రాత్రి షిఫ్టు నడిపే మనిషిగా ఈ మూఢనమ్మకాన్ని ఖండించడం నా బాధ్యత. (దుకాణం పేరు చెప్పను. ఈ నెల జీతం ఇంకా పడలేదు.) మా వంటగదిలో తయారయ్యే అసలు సరుకు పచ్చరంగు. పిజ్జా అంటారా, వడ్లు దంచితే తవుడు రాదూ, అలా వస్తుంది.

మేం పిజ్జా పేర్చే బల్లకు ఎదురుగా, తలెత్తితే కనపడేట్టు ఒక తెర ఉంటుంది. ఆర్డర్ పడగానే అందులో పచ్చటి గడి వస్తుంది. ఆలస్యమైతే పసుపు, ఇంకా ఆలస్యమైతే ఎరుపు. పిజ్జా కోసి డబ్బాలో పెట్టాక మీట నొక్కితే గడి మాయమవుతుంది. దీన్ని బంప్ కొట్టడం అంటాం. ఇక్కడే మేనేజ్‌మెంట్ శాస్త్రం మొదలవుతుంది. మీట నొక్కే వేలికి పిజ్జా ఉడికిందో, ఇంకా పిండిగానే ఉందో తెలియదు. ఏరియా మేనేజర్‌కూ తెలియదు. ఆయన చూసేది సగటు నిమిషాలు. కాబట్టి పిజ్జా ఓవెన్ ముఖం చూడకముందే బంప్ కొట్టగలవాణ్ణి మా దాంట్లో సమర్థుడంటారు. నాకు రెండుసార్లు ప్రశంస వచ్చింది, వాట్సాప్ గ్రూపులో, చప్పట్ల బొమ్మతో సహా.

ఓవెన్‌కు మాత్రం ఈ శాస్త్రం ఎక్కదు. 240 డిగ్రీలకు పైన మండుతూ ఉంటుంది. గొలుసు బెల్టు మీద ఈ పక్క పచ్చి పిజ్జా పెడితే ఆరేడు నిమిషాలకు ఆ పక్క కాలి బయటికొస్తుంది. అరిచినా అంతే, బతిమాలినా అంతే. ఈ ఊళ్లో సిఫారసుకు లొంగని వస్తువు నాకు తెలిసి అదొక్కటే.

సిఫారసు అన్నాను కాబట్టి చెప్పాలి. కొండ మీద వీఐపీ బ్రేక్ దర్శనాల్లో ఎల్1, ఎల్2, ఎల్3 అనే తరగతులను 2019లోనే తీసేశారు. మా వంటగదిలో ఇంకా నడుస్తున్నాయి. ఓనరు బావమరిది ఎల్1. ఈయన ఫోన్ చేసి "నాలుగు మీడియం, పది నిమిషాల్లో వస్తా ఉండా" అంటే అప్పటికే వాకిట్లో ఉన్నాడని అర్థం. యాప్‌లో ఒక్క నక్షత్రం ఇస్తానని బెదిరించేవాళ్లు ఎల్2. బయట హెల్మెట్ తీయకుండా నిలబడి గంటకొట్టినట్టు ఆర్డర్ నంబర్ చెప్పే డెలివరీ కుర్రాళ్లు ఎల్3. కౌంటర్లో డబ్బు కట్టి కుర్చీలో నెమ్మదిగా కూర్చున్నవాళ్లది సర్వదర్శనం.

పిండి సంగతి వేరే. పిండి ముద్దలు చల్లగదిలోంచి తీసి కాసేపు బయట పెడితేనే చేతికి సాగుతాయి. ఎంతసేపు పెట్టాలో గోడకు అంటించిన కాగితంలో ఉంది. ఆ కాగితం రాసినాయన రోహిణి కార్తెలో తిరుపతి రాలేదు. మా కుర్రవాడు ఒకడు మొన్న మే నెలలో పరుగున వచ్చి, "అన్నా, పిండి ట్రే మూత తోసుకొని పైకి వస్తా ఉంది" అన్నాడు. పోయి చూస్తే నిజమే. పక్కపక్క ముద్దలు ఒకదాన్నొకటి కావలించుకొని ఒకటే పరుపై, నడుమ బుడగలు లేచి, పులుపు వాసన కొడుతున్నాయి. అట్లాంటి పిండిని ముళ్ల రోలరుతో పొడిచి పిజ్జా చేయొచ్చా అంటే, పుస్తకం ప్రకారం పారేయాలి. పారేస్తే ఆ లెక్క నా పేరు మీద పడుతుంది. ఏం చేశానో ఇక్కడ రాయను.

చీజ్ గురించి మాత్రం దాచను, ఎందుకంటే ఇందులో జనానికి పనికొచ్చే సమాచారం ఉంది. శ్రీవారి లడ్డూకు ఏ సరుకు ఎంత పడాలో చెప్పే లెక్కను దిట్టం అంటారు. మాకూ ఒక దిట్టం ఉంది, ప్లాస్టిక్ అట్టలో. ఏ సైజుకు ఎన్ని గ్రాముల చీజ్ అనేది అందులో ఉంటుంది. రద్దీలో తూకం ఎవడు వేస్తాడు? గుప్పెడే కొలత. మా దగ్గర పలమనేరు పక్క నుంచి వచ్చిన పిల్లోడున్నాడు. వాళ్లమ్మ రాగిసంగటి మీద నెయ్యి పోసినట్టు పోస్తాడు చీజు. ఎనిమిది గంటలకు తిన్నవాళ్లు దేవుడికి దండం పెట్టుకొని వెళ్తారు. పది గంటలకు నేను మిగిలిన చీజ్ తూచి చూసుకుంటాను. తగ్గింది ఎక్కడో ఒకచోట పూడాలి కదా. పదిన్నరకు ఆర్డర్ పెట్టి, "ఏంది, ఇది రొట్టె మాదిరిగా ఉంది" అని తిట్టుకునే సోదరులారా, మీ చీజ్ ఎనిమిది గంటలవాళ్లు తినేశారు. కంపెనీ లెక్క సరిగ్గానే ఉంది.

వెంకటేశ్వరస్వామి పేరు మీద చాలామంది మాంసం ముట్టని పెరటాసి అనే తమిళ నెల శనివారాల్లో చికెన్ డబ్బా మూత తీసే పనే ఉండదు, పనీరేమో ఏడున్నరకే అయిపోతుంది. సరుకు పంపే కంప్యూటర్‌కు పెరటాసి గురించి ఎవరూ చెప్పలేదు. అట్లాంటి ఒక శనివారమే ఒకావిడ నన్ను లోపలి నుంచి పిలిపించింది.

"నాయనా, సాస్‌లో తెల్లగడ్డ ఉందా?"

"ఉందమ్మా."

"అయితే సాస్ వద్దు. ఎర్రగడ్డా వద్దు. వ్రతం."

సాస్ లేకుండా, ఉల్లి లేకుండా, పనీర్ ఎట్లాగూ లేదు కాబట్టి పనీర్ కూడా లేకుండా పిజ్జా చేసి శుద్ధిగా పంపాను. రెండు నిమిషాలకు ఆవిడ మళ్లీ వచ్చి ఫోన్ చూపించింది. "దీంతో గార్లిక్ బ్రెడ్ ఫ్రీ అని ఉందే, మరిచిపోయినట్టుండావు?"

ఇచ్చాను. వ్రతం ఆవిడది, కూపన్ కంపెనీది.

ఆ రాత్రే ఏరియా మేనేజర్ ఫోన్ చేశాడు. జోన్‌లో మా సమయమే బెస్ట్ అట. తెర నిండా పచ్చదనం, అప్పటికి నేను పదకొండు ఆర్డర్లు ముందే బంప్ కొట్టేసి ఉన్నాను. థాంక్యూ సార్ అంటూ తలెత్తితే కౌంటర్ దగ్గర ఒక పెద్దాయన. గుండు, గుండుకు చందనం, చేతిలో బిల్లు. నలభై నిమిషాలుగా కూర్చున్నాడట. ఆయన నంబర్ వెతికాను. తెర మీద లేదు. పాత ఆర్డర్లలోకి పోయి చూస్తే కనపడింది.

"అయ్యా, మీకు ఇచ్చేసి ఇరవై రెండు నిమిషాలైనట్టు చూపిస్తా ఉంది."

ఆయన తెర వైపు చూశాడు. నా వైపు చూశాడు. బిల్లు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"తినేసినానా? అట్లయితే చెయ్యి కడుక్కోవాల. నీళ్లు యాడుండాయి నాయనా?"