తీగ ఇచ్చేదెవరు?

భువనేశ్వర్‌లోని కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రం రూపొందించిన ‘భూ సోనా’ చిలగడదుంప 2017లో ఒడిశా రైతుల కోసం విడుదలైంది. కోస్తే లోపల నిండు నారింజ రంగు. నూరు గ్రాముల దుంపలో 14 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ ఉంటుంది. మామూలు రకాల్లో అది రెండు మూడు మిల్లీగ్రాములే. ఈ పదార్థాన్నే శరీరం విటమిన్-ఏగా మార్చుకుంటుంది. దిగుబడికీ లోటు లేదు, హెక్టారుకు 20 టన్నుల దాకా వస్తుంది. ఇచ్ఛాపురం దాటితే ఒడిశాయే. అయినా మన సంతల్లో రాశులు పోసేవి ఎక్కువగా తెల్ల కండ దుంపలే.

ఇలాంటి దుంప ఏం చేయగలదో మొజాంబిక్, ఉగాండా చూపించాయి. 2006-09 మధ్య ఆ రెండు దేశాల్లో 24 వేలకు పైగా రైతు కుటుంబాలకు నారింజ రంగు రకాల తీగలు పంచారు. ఆ ఇళ్లలో పిల్లలకు తిండి ద్వారా అందే విటమిన్-ఏ గణనీయంగా పెరిగింది. దీని వెనుక ఏళ్ల తరబడి శ్రమించిన మరియా ఆండ్రాడే, రాబర్ట్ మ్వాంగా, జాన్ లో, హోవర్త్ బూయిస్‌లకు 2016లో ప్రపంచ ఆహార బహుమతి దక్కింది. అక్కడా పని సులువుగా జరగలేదు. నారింజ రకాల్లో నీటి శాతం ఎక్కువ, పిండి తక్కువ. పొడిపొడిగా ఉండే దుంపకు అలవాటుపడిన నాలుకకు అవి రుచించలేదు. అందుకే శాస్త్రవేత్తలు పిండి పెంచారు, బెట్టను తట్టుకునే గుణం తెచ్చారు. 2011లో మొజాంబిక్ అలాంటి రకాలను ఒకేసారి 15 విడుదల చేసింది. తల్లులకు వండే తీరు నేర్పారు, వాహనాలకు నారింజ రంగు పూసి ఊరూరా తిరిగారు. మన వ్యవసాయ శాఖల గోడపత్రికలతో పోలిస్తే అది వేరే రకం పట్టుదల.

మన దగ్గర అసలు చిక్కు తీగ దగ్గరే ఉంది. చిలగడదుంపను విత్తనం చల్లి పండించరు, తీగ ముక్కలు నాటుతారు. ఒకసారి తీగ చేతికొస్తే రైతు తానే పెంచుకుంటాడు, పక్కవాడికీ ఇస్తాడు. ఏటా సంచులు అమ్ముకోవాల్సిన కంపెనీకి ఇందులో లాభమేముంది? పైగా ఎండాకాలంలో తీగ బతకాలంటే తడి ఉండాలి. బోరు లేని చిన్న రైతు మడిలో అది ఏప్రిల్‌కే ఎండిపోతుంది. మళ్లీ వానలకు దొరికిన తీగే నాటుతాడు. ఏళ్ల తరబడి తిరిగిన తీగలో వైరస్ పేరుకుంటుంది, దిగుబడి తగ్గుతుంది. మట్టి ఎగదోయని బోదెల పగుళ్లలోంచి ముక్కుపురుగు దిగి దుంపను చేదుగా మారుస్తుంది. తెగులు లేని తీగను వేసవి దాటించి, జూన్‌కు రైతు చేతికివ్వడం ప్రభుత్వం తప్ప మరెవరూ తలకెత్తుకోని పని.

రెండో చిక్కు గిరాకీ. శివరాత్రికి పలికే ధర నెల తిరిగేసరికి ఉండదు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్న తంతు దుంపకు మరీ ఎక్కువ, ఎందుకంటే తవ్వాక అది ఎక్కువ కాలం నిలవదు. లోపలి రంగుకు వ్యాపారి అదనంగా పైసా ఇవ్వడు. ఇవ్వగలిగింది అంగన్‌వాడీ, బడి వంటశాల. 2016-18 సమగ్ర జాతీయ పోషకాహార సర్వే ప్రకారం దేశంలో ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల్లో 18 శాతం మందికి విటమిన్-ఏ లోపం ఉంది. ఆరు నెలలకోసారి విటమిన్-ఏ ద్రావణం వేస్తూనే ఉన్నాం, వేయాలి కూడా. కానీ బడి ఈడు లేని పసివాడికి రోజుకు కావలసిన విటమిన్-ఏ సుమారు 125 గ్రాముల నారింజ దుంపలో దొరుకుతుంది, ఉడికించి చెంచాడు నూనె తగిలిస్తే ఒంటికి బాగా పడుతుంది. ఆంధ్రప్రదేశ్ బడుల్లో 2023లో రాగిజావ చేరింది. దుంపకు చోటివ్వడం అంతకంటే కష్టమేమీ కాదు. అయితే దీన్ని సర్వరోగ నివారిణిగా ఊదరగొట్టవద్దు. పిల్లల రక్తహీనతకు ఇదొక్కటే మందు కాదు, గుడ్డూ పప్పూ తీసేసి దుంప పెట్టడం మోసమవుతుంది.

ప్రభుత్వాల నుంచి మేము కోరేది రెండే. మన్యం మండలాల్లో నీటి వసతి ఉన్న మహిళా సంఘాలకు భువనేశ్వర్ నుంచి మేలైన తీగ తెప్పించి, పెంచి అమ్మే బాధ్యత, దానికి ధర ఇవ్వాలి. పంట చేతికి రాకముందే అంగన్‌వాడీల కొనుగోలు ధర ప్రకటించాలి. వచ్చే ఖరీఫ్‌లో నాటాలంటే తీగ మడులు మార్చిలోనే మొదలుకావాలి.