పిన్నిగారి నోటీసు పీరియడ్

బరంపురంలో మా బావ నడిపే చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీకి అసలు శత్రువులు రైళ్లు. కోణార్క్ ఎక్కినా, ఫలక్‌నుమా ఎక్కినా సికింద్రాబాదులోనే దింపుతాయి. కుర్రాడికి జావా నేర్పి, క్లయింటుతో మాట్లాడ్డం నేర్పి ఓ దారికి తెస్తే, ఏ శుక్రవారం సాయంత్రమో తలుపు దగ్గర నిలబడి "సార్, రెండు నిమిషాలు" అంటాడు. బావకి బీపీ మొదలు.

ముందు బాండు రాయిద్దామనుకున్నాడు. మానేశాక రెండేళ్లు ఇంకే కంపెనీలోనూ చేరకూడదని స్టాంపు కాగితం మీద షరతు. ప్లీడరుగారు చదివి, "1872 కాంట్రాక్టు చట్టంలో 27వ సెక్షన్ అని ఒకటుంది నాయనా. ఇది చెల్లదు" అన్నారు. ఆయన ఫీజు మాత్రం చెల్లింది.

తర్వాత గ్రాట్యుటీతో ఊరించాడు. ఐదేళ్లు ఉంటే ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున వస్తుందని చెబితే, టీం లీడ్ యావజ్జీవం పడ్డట్టు చూశాడు.

చివరికి మా అక్క సలహా పనిచేసింది. మధ్యాహ్నం ఆఫీసులోనే భోజనం. పలాస వైపు నుంచి ఒక వంట పిన్నిగారు కుదిరింది. ఆవిడ పనసపొట్టు ఉడికించి, చింతపండు పులుసుపోసి, ఎండుమిర్చి పోపు పెట్టి, దించి చల్లారాక నూరిన ఆవ కలిపేది. ఆ ఘాటు సర్వర్ రూం దాకా వచ్చేది. తెలుగు ముక్క రాని ఒడియా కుర్రాడు కూడా "ఇంకాస్త వెయ్యండి పిన్నిగారూ" అనడం నేర్చేసుకున్నాడు. ఆ సీజనంతా ఒక్క రాజీనామా లేదు.

ఇదంతా తన నాయకత్వమేనని బావ నమ్మాడు. నమ్మి ఊరుకోలేదు. ఊళ్లోని ఇంకో కంపెనీ ఓనర్ని భోజనానికి పిలిచాడు. ఆయన రెండుసార్లు మారు వడ్డించుకుని, ఒక్క ముక్క మాట్లాడకుండా చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు. నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

సోమవారం పిన్నిగారు తలుపు దగ్గరికొచ్చింది. "బాబూ, రెండు నిమిషాలు. ఆళ్లు కొత్త గ్రైండరు కొంతారంట. ఆదివారం సెలవంట."

కోడ్ రాసేవాళ్లందరికీ 90 రోజుల నోటీసు పెట్టిన మా బావ, కంపెనీని నిలబెట్టిన మనిషికి అపాయింట్‌మెంట్ ఆర్డరే ఇవ్వలేదు. హడావుడిగా బరంపురం పట్టుచీర పట్టుకుని ఆవిడ ఇంటికెళ్లాడు. "పండక్కి కట్టుకుంటాను బాబూ" అని తీసుకుంది. మర్నాటి నుంచి అక్కడ పనిలో చేరింది.

వారం తిరక్కుండా టీం లీడ్ నోటీసు ఇచ్చాడు. ఒడియా కుర్రాడూ ఇచ్చాడు. జీతం పెరిగిందా అని అడిగితే, ఇద్దరూ ముందు మెనూ చెప్పారు.

ఈమధ్య బావకి ఆ కంపెనీతో ఏదో ఒప్పందం పని మీద తరచూ మీటింగులు పడుతున్నాయి. టైము బావే పెడతాడు, పన్నెండున్నరకి.