తొమ్మిది ఖాళీ విస్తర్లు

గోదావరి జిల్లాల్లో పెళ్లి చేయడం ఏమంత కష్టం కాదు. పెళ్లికొడుకు దొరుకుతాడు, ముహూర్తం దొరుకుతుంది, తాకట్టుకు కొబ్బరితోట ఉంటే అప్పూ దొరుకుతుంది. అసలు గండం భోజనాల దగ్గర. మొదటి బంతిలో ఎవరు కూర్చోవాలి, ఎవరి విస్తట్లో పూతరేకు అడక్కుండానే రెండోసారి పడాలి, ఏ బాబాయిగారిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టాలి... ఇందులో ఒక్క చోట తేడా వస్తే పాతికేళ్ల తర్వాత కూడా "మీ పెద్దమ్మాయి పెళ్లిలో మా వైపు పెరుగు బకెట్టే రాలేదండి" అని మాట పడాల్సిందే.

ఈ విషయమై దీర్ఘంగా ఆలోచించి దేశం ముందు ఒక ప్రతిపాదన పెడుతున్నాను. కేంద్ర మంత్రివర్గాన్ని కూర్చే పనిని ఢిల్లీ పెద్దల నుంచి తప్పించి, పాలకొల్లుకూ భీమవరానికీ మధ్య పందిళ్లలో పనిచేసే ఏ వంట మేస్త్రికైనా అప్పగించాలి. నవ్వకండి. దీనికి రాజ్యాంగం అడ్డు రాదు. ప్రధాని సలహా మీద రాష్ట్రపతి మంత్రులను నియమిస్తారని 75వ అధికరణం చెబుతుంది. ప్రధానికి ఎవరు సలహా ఇవ్వాలో మాత్రం చెప్పలేదు. ఆ ఖాళీలోనే మా మేస్త్రి గాడిపొయ్యి తవ్వుకుంటాడు.

2024 సంగతే చూడండి. జూన్ 4న ఓట్లు లెక్కపెట్టారు. 543 స్థానాల లోక్‌సభలో 272 కావాలి. బీజేపీకి 240 వచ్చాయి. అంటే 32 మంది చుట్టాలు తక్కువ. కూటమి అంతా కలిస్తే 293. జూన్ 9 సాయంత్రానికల్లా ప్రమాణ స్వీకారం అయిపోయింది. మధ్యలో ఐదు రోజులు. మా దగ్గర ఐదు రోజుల్లో పెళ్లి కుదిర్చి చేసేస్తే "ఏదో ఉంది" అంటారు.

ఆ ఐదు రోజులూ డెల్టాలో నారుమడి గురించి మాట్లాడిన మనిషి నాకు కనపడలేదు. కాలువలో నీళ్లు వచ్చాయా లేదా అని చూసేవాడు లేడు. లాకుల దగ్గర టీ కొట్టులో అందరూ వేళ్లు మడిచి లెక్కలేస్తున్నారు. ఏ జిల్లాకు ఒకటి, ఏ పార్టీకి రెండు, ఏ సామాజికవర్గానికి ఎన్ని. (కులం అనకూడదు. సామాజికవర్గం అంటే అదే విషయం ఇస్త్రీ చొక్కా వేసుకుని వస్తుంది.) వరి ఊడ్పుల లెక్క తెలియని కుర్రాడు కూడా శాఖను సొంతంగా చూసుకునే స్వతంత్ర హోదాకూ, పెద్ద మంత్రి కింద ఉండే ఉత్త సహాయ మంత్రికీ తేడా చెప్పేస్తున్నాడు.

తీరా జాబితా వచ్చాక నాకు చిన్నప్పటి లెక్కల మాస్టారి మీద అనుమానం వచ్చింది. ఒకటి కన్నా ఏడు పెద్దదని ఆయన బెత్తంతో నేర్పారు. ఢిల్లీలో అలా లేదు. ఏడుగురు ఎంపీలున్న షిండే శివసేనకు స్వతంత్ర హోదా సహాయ మంత్రి పదవి ఒకటి వచ్చింది. ఐదుగురున్న చిరాగ్ పాస్వాన్ పార్టీకి కేబినెట్ పదవి వచ్చింది. ఇద్దరున్న దేవెగౌడ గారి జనతాదళ్‌కూ కేబినెట్టే. తానొక్కడే ఎంపీగా ఉన్న పార్టీ నుంచి జీతన్ రామ్ మాంఝీ గారికీ కేబినెట్టే. లోక్‌సభలో ఒక్కరూ లేని పార్టీ నుంచి రాందాస్ అఠావలే గారు సహాయ మంత్రి అయ్యారు. ఇద్దరున్న మన జనసేనకు ఏమీ లేదు. అంటే ఏడు కన్నా ఒకటి పెద్దది, రెండు కన్నా సున్నా పెద్దది. ఇంజనీరింగ్ కాలేజీలకు పేరుపడ్డ భీమవరంలో కూడా ఈ గణితం ఎవరూ చెప్పడం లేదు.

అన్నిటికన్నా నాకు నచ్చినవాళ్లు అజిత్ పవార్ ఎన్సీపీ వాళ్లు. వాళ్లకు లోక్‌సభలో ఒక్కరే ఉన్నారు. స్వతంత్ర హోదా ఇస్తామంటే వద్దన్నారు. ప్రఫుల్ పటేల్ గారు ఇదివరకే కేబినెట్ మంత్రిగా చేశారు కాబట్టి ఇప్పుడు మెట్టు దిగడం కుదరదన్నారు. ఇది అచ్చంగా మా పెద బావగారి పద్ధతి. ఒకసారి మొదటి బంతిలో తిన్న మనిషిని రెండో బంతిలో కూర్చోమంటే "ఆకలి లేదు లెండి, మీరు కానివ్వండి" అని పందిరి గుంజకు ఆనుకుని నిలబడతాడు. ఆ నిలబడటం అందరికీ కనపడేలా నిలబడతాడు.

ఈ చిక్కు లెక్కను తీసుకెళ్లి మా వీధి వంట మేస్త్రి ముందు పెట్టాను. ఆయన గుమ్మడికాయ ముక్కలు కోయిస్తూ విన్నాడు.

"ఇందులో ఏముందండి? ఎంతమంది వచ్చారన్నది కాదండి చూసేది. ఎవరు అలిగితే పందిరి ఊగుద్దన్నది చూడాలి. ఆ ఒక్కాయన ఊళ్లో రేపేమైనా పని ఉందేమో కనుక్కోండి."

ఉంది. బీహార్‌లో మరుసటి ఏడాదే శాసనసభ ఎన్నికలు. మాంఝీ గారు ఆ రాష్ట్రానికి మాజీ ముఖ్యమంత్రి. మొత్తం మీద బీహార్‌కు 8 మంది మంత్రులు. మనకు 3. జనసేన అధినేతకు రాష్ట్రంలోనే ఉప ముఖ్యమంత్రి పదవి ఉండటంతో ఆయన అలిగే ప్రసక్తి లేదు. ఇంట్లో వంట అయిన రోజు పొరుగూరి భోజనానికి ఎవరు పరుగెడతారు?

మరి పందిరికి అసలు రాటలైన 16 మంది తెలుగుదేశం వాళ్లకూ, 12 మంది బీహార్ జేడీయూ వాళ్లకూ ఏం దక్కింది? ఒక్కో పార్టీకి ఒక కేబినెట్, ఒక సహాయ. ఒక్క రాట తీస్తే పందిరి నిలబడుతుంది, 293లో 16 పోయినా 277 ఉంటాయి. రెండూ తీస్తే 265. అయినా వాళ్లు గొంతెత్తలేదు. హోం, రక్షణ, ఆర్థిక, విదేశాంగ శాఖలు నాలుగూ పెళ్లివారైన బీజేపీ వాళ్లే ఉంచుకున్నా ఊరుకున్నారు. అప్పుడు ఇదేమిటో అర్థం కాలేదు. జూలై 23న బడ్జెట్ వచ్చాక అర్థమైంది. అమరావతికి 15 వేల కోట్లు ఏర్పాటు చేస్తామన్నారు, బీహార్‌కు రోడ్లూ వంతెనలూ అన్నారు. పెద్ద వియ్యంకుడు విందులో ఎప్పుడూ తక్కువే తింటాడు. పెట్టుపోతల దగ్గర చూడాలి ఆయన్ని. (ఆ 15 వేల కోట్లు పెట్టుపోతలా, చేబదులా అన్న వాదన మా టీ కొట్టులో ఇంకా తేలలేదు.)

ఆ బడ్జెట్ చదివిన నిర్మలా సీతారామన్ గారు నరసాపురం కోడలు. ఈ మాట చెప్పకుండా మా వైపు బడ్జెట్ గురించి ఏ చర్చా మొదలవదు. గోదావరి జిల్లాలకు ఎంతమంది మంత్రులని మీరు అడిగితే పత్రికలు ఒక అంకె చెబుతాయి, మేము ఇంకో అంకె చెబుతాం. మేము కోడళ్లనూ కలుపుకుంటాం. అల్లుళ్ల సంగతి ఇంకా ఆరా తీస్తున్నాం.

ఇక మన సొంత మంత్రిగారి విషయం. కాకినాడ, అమలాపురం, రాజమహేంద్రవరం, నరసాపురం, ఏలూరు, ఐదింటికి ఐదూ కూటమికే కట్టబెట్టాం. నరసాపురం ఎంపీ భూపతిరాజు శ్రీనివాస వర్మ గారికి ఉక్కు, భారీ పరిశ్రమల శాఖలో సహాయ మంత్రి పదవి దక్కింది. సంతోషం. మేమూ టపాసులు కాల్చాం. కాకపోతే ఒక్క మాట. నరసాపురంలో ఎంత తవ్వినా ఒండ్రుమట్టే. ఇంటికి పునాది తీస్తే రాయి కాదు, నీళ్లు తగులుతాయి. మాకు తెలిసిన ఉక్కు అంతా పెళ్లికి పెట్టే స్టీలు సామానే. ఆ శాఖకు పెద్ద మంత్రి కుమారస్వామి గారు మండ్య నుంచి వచ్చారు. మండ్య అంటే చెరకు. చెరకూ రొయ్యా కలిసి ఉక్కు కరిగించాలన్నమాట. రొయ్యల సంగతి చూసే మత్స్య శాఖ గంగ ఒడ్డున ముంగేర్ ఎంపీగారి దగ్గరకు వెళ్లింది. మా కాళ్ల కింద గ్యాస్ ఉంది కదా, ఆ శాఖ మా పక్కకు కూడా చూడలేదు.

నిజం చెప్పాలంటే ఈ హాస్యంలో కొంత వెనక్కి తీసుకోవాలి. 2025 జనవరిలో విశాఖ ఉక్కుకు 11,440 కోట్ల ప్యాకేజీ వచ్చింది. అందులో మన సహాయ మంత్రి గారి పాత్ర ఎంతో నేను తూచలేను. ఎందుకంటే సహాయ మంత్రి పాత్ర ఎంతో తూచే కాటా ఇప్పటిదాకా ఎవరూ తయారు చేయలేదు.

ఈ సహాయ మంత్రి అన్న పదవిని ఢిల్లీ వాళ్లు ఎంత వివరించినా జనానికి ఎక్కలేదు. మా మేస్త్రి ఒక్క మాటలో తేల్చాడు: తోడపెళ్లికొడుకు. కొత్త బట్టలుంటాయి, బుగ్గన చుక్క ఉంటుంది, పెళ్లికొడుకు కారులోనే కూర్చుంటాడు, ఫొటోలన్నిట్లో ఉంటాడు. తాళి కట్టే పని మాత్రం ఆయనది కాదు. కేబినెట్ సమావేశానికి పిలిస్తేనే వెళ్లాలి. ఫైలు పెద్దాయన దగ్గర మొదలై పెద్దాయన దగ్గరే ఆగొచ్చు. అయినా అందరిలాగే ఆయనా రెండు ప్రమాణాలు చేస్తాడు, రెండోది రహస్యం కాపాడతానని. తన దాకా రాని కాగితం గురించి ఎవరికీ చెప్పనని దేవుడి మీద ఒట్టు వేసే త్యాగజీవి ఈ దేశంలో ఆయనొక్కడే.

స్వతంత్ర హోదా వేరు. అది వేరుపడ్డ కొడుకు కాపురం. పొయ్యి వేరు, గుమ్మం వేరు. బియ్యం బస్తా మాత్రం నాన్నగారి గాదె నుంచే రావాలి.

ఇంతకీ మొత్తం ఎన్ని విస్తర్లు? 2003లో చేసిన 91వ రాజ్యాంగ సవరణ ప్రకారం మంత్రుల సంఖ్య ప్రధానితో కలిపి లోక్‌సభ బలంలో 15 శాతం దాటకూడదు. అంటే 81. ఆ జూన్ 9న కూర్చున్నవాళ్లు ప్రధాని, 30 మంది కేబినెట్, ఐదుగురు స్వతంత్ర హోదా, 36 మంది సహాయ, వెరసి 72. లూధియానాలో ఓడిపోయిన రవ్‌నీత్ సింగ్ బిట్టూ గారికి కూడా విస్తరి వేశారు. ఆరు నెలల్లో ఏదో ఒక సభలోకి వస్తే చాలన్న వెసులుబాటు ఉంది, ఆయన రాజస్థాన్ నుంచి రాజ్యసభకు వచ్చేశారు. ఇంకా తొమ్మిది విస్తర్లు ఖాళీ.

ఇక్కడ మేస్త్రి మొదటిసారి ఢిల్లీని మెచ్చుకున్నాడు. "తొమ్మిది ఉంచారా? తెలిసినోళ్లేనండి. అన్నీ వేసేస్తే లేచిపోతారు. ఖాళీ ఆకు కనపడుతుంటే చుట్టం కదలడండి, అదిగో నాదే అని చూస్తా కూర్చుంటాడు."

మంత్రివర్గ విస్తరణ అనే మాటలో విస్తరి ఎందుకుందో నాకు ఆ రోజు తెలిసింది.

మా డెల్టాకు పదవులు కొత్తేమీ కాదు. మొగల్తూరు కృష్ణంరాజు గారు వాజ్‌పేయి ప్రభుత్వంలో విదేశాంగం, రక్షణ వంటి శాఖల్లో సహాయ మంత్రిగా చేశారు. కాకినాడ పళ్లంరాజు గారు రక్షణ సహాయ మంత్రిగా చేసి, 2012లో మానవ వనరుల శాఖకు కేబినెట్ మంత్రి అయ్యారు. వీళ్లందరికన్నా పెద్ద పీట అమలాపురం ఎంపీ బాలయోగి గారిది. 1998లో లోక్‌సభ స్పీకర్ అయ్యారు. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వం 269–270తో ఒక్క ఓటు తేడాతో పడిపోయినప్పుడు, అంటే పీటల మీద పెళ్లి ఆగినప్పుడు, పురోహితుడి స్థానంలో ఉన్నది మా కోనసీమ మనిషి. ఆ ఏడాది ఎన్నికల్లో తెలుగుదేశానికి 29 స్థానాలొచ్చినా మంత్రి పదవి ఒక్కటీ తీసుకోలేదు, స్పీకర్ పీట మాత్రం ఆయనకే ఉంచారు. 2002 మార్చిలో కైకలూరు దగ్గర హెలికాప్టర్ కూలి ఆయన పోయారు.

కోనసీమకు రైలు అనే కల ఆయన పేరుతోనే ముడిపడి ఉంది. కోటిపల్లి నుంచి నరసాపురం దాకా 57 కిలోమీటర్ల లైను 2000–01లో మంజూరైంది. 2004లో కాకినాడ నుంచి కోటిపల్లి దాకా పట్టాలు వచ్చాయి. అక్కడ గోదావరి అడ్డొచ్చింది. గౌతమి, వైనతేయ, వశిష్ఠ, మూడు పాయలు దాటాలి. లైను మంజూరయ్యాక వాజ్‌పేయి గారు వెళ్లారు, మన్మోహన్ గారు పదేళ్లు ఉండి వెళ్లారు, మోదీ గారు మూడోసారి వచ్చారు. ఈలోగా మా మంత్రులు దేశ రక్షణ చూశారు, విదేశాలు చూశారు, చదువులు చూశారు.

మొన్న ముక్తేశ్వరం వైపు ఒక పెళ్లికి వెళ్తూ కోటిపల్లి రేవులో పంటు ఎక్కాను. గౌతమిలో వంతెన స్తంభాలు వరసగా నిలబడి ఉన్నాయి. అరటి గెలల మధ్య కూర్చున్న ఒక పెద్దాయన నా చేతిలో పేపరు చూసి అడిగాడు.

"విస్తరణ ఉందంటున్నారు. మన వైపు ఇంకోటి ఇస్తారంటారా అండి?"

"ఏ శాఖ అయితే బాగుంటుందండి?"

"ఏదైనా పర్లేదండి. మనోడు ఉండాల."

"రైల్వే అయితే?" అని స్తంభాల వైపు చూపించాను. "అందులో సహాయ మంత్రులు ఇప్పటికే ఇద్దరున్నారండి."

"ఇద్దరున్నారా?" అని కాసేపు ఆలోచించాడు. "అయితే మూడోది కష్టమే. వేరే ఏదైనా చూడమనాల. ఇవెక్కడికి పోతాయి లెండి, నీళ్లలోనే ఉంటాయి."

పంటు అవతలి రేవుకు చేరింది. పెళ్లివారి కుర్రాడు మోటారు సైకిల్ వేసుకుని పరుగున ఎదురొచ్చాడు. "ఇంత ఆలస్యమైందేంటండి బాబాయ్‌గారూ, మొదటి బంతి లేచిపోయింది" అన్నాడు.

ఆకలి లేదు లెమ్మన్నాను.