సెల్ కౌంటర్ గారికి, ఒక తొండ తరఫున

రక్తకణాలు లెక్కపెట్టే యంత్రం, మహారాజశ్రీ సెల్ కౌంటర్ గారికి,

నిన్న మధ్యాహ్నం తమరు దయచేసిన రిపోర్టు అందింది. పైన "జంతువు: కుక్క" అని ఉంది. అది పలాస జీడితోటలో పట్టిన తొండ అండీ. తమ మెనూలో కుక్క, పిల్లి, ఆవు, గుర్రం తప్ప ఇంకేమీ లేవు. తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుందని విన్నాం గానీ, కుక్క అవుతుందని వినలేదు.

"ఏ రక్తమైనా పెట్టండి సార్, నిమిషంలో లెక్క" అన్నాడు తమ కంపెనీ మనిషి. పెట్టాం. సంచిలో గంటలకొద్దీ ఉంచితే బెదురుకే తెల్లకణాల నిష్పత్తి మారిపోతుందని, తోటలోనే తోక నరం నుంచి తీసిన నాలుగు చుక్కలు అవి. గడ్డకట్టకుండా హెపారిన్ మందు కలిపి, ఐసు డబ్బా ఒళ్లో పెట్టుకుని, బస్సులో శ్రీకాకుళం తెచ్చాం. తమరు గుటుక్కున మింగేశారు.

ఇచ్చిన లెక్క ఏంటండీ అది? అదే నిజమైతే ఆ తొండ ఒంట్లో ఉన్నవన్నీ తెల్లకణాలే. మన ఎర్రకణాల్లో కేంద్రకం ఉండదు కాబట్టి తమ కడుపులో కణాల్ని పగలగొట్టే మందు తగలగానే కరిగిపోతాయి, మిగిలినవి తెల్లకణాలని తమ నమ్మకం. తొండకీ, పాముకీ, తాబేలుకీ ఎర్రకణాల్లోనూ కేంద్రకం ఉంటుంది. రక్తం గడ్డకట్టించే థ్రాంబోసైట్లలోనూ ఉంటుంది. కణం పగిలినా కేంద్రకం మిగులుతుంది. పోయినవాళ్లని కూడా ఓటర్ల జాబితాలో ఉంచినట్టు, తమరు వాటన్నిటినీ కలిపేశారు.

రక్తాన్ని గిర్రున తిప్పి ప్లాస్మా వేరుచేసే సెంట్రిఫ్యూజ్ తిరుగుతుండగా పోయే కరెంటు సంగతి ఇప్పుడు వద్దు. తొండ ప్లాస్మాలోని యాంటీబాడీలు గొర్రె రక్తకణాల్ని పట్టుకుంటాయా అని చూసే పరీక్షకి గొర్రె రక్తం అడిగితే "ఏటి బాబూ, నల్ల వేపుడుకేనా?" అన్న మాంసం కొట్టు మామ మీద కూడా కోపం లేదు. ఆయన రక్తం సరిగ్గానే పోశాడు. కోపమంతా నీ మీదే. తెలియకపోతే తెలియదని ఒక్క గీత గీసి ఊరుకోవచ్చు కదా! దశాంశంతో సహా అబద్ధం ఎందుకు?

డబ్బా అడుగున మిగిలిన చుక్కని స్లైడు మీద పూసి, గీమ్సా రంగు వేసి, రాత్రి మైక్రోస్కోపు కింద పెట్టా. తెల్లకణాల్లో రెండు రకాలు కనిపించాయి: నారింజ రేణువులతో హెటిరోఫిల్స్, పక్కనే ఒళ్లంతా కేంద్రకమే అయిన లింఫోసైట్లు. థ్రాంబోసైటు కూడా చూడ్డానికి లింఫోసైటులాగే ఉంటుంది, ఆగి ఆగి చూసుకోవాలి. వంద తెల్లకణాలు లెక్కపెట్టేసరికి మెడ పట్టేసింది.

వారంటీ ఇంకా ఉంది. మీ కంపెనీ మనిషిని ఓసారి పంపు. భోజనం మేమే పెడతాం, ఆ వందా లెక్కపెట్టించాక.

ఇట్లు,
తొండ తాలూకు మనిషి