దొరికిన మాటనల్లా వేసేయాలా?

స్క్రాబుల్ అంటే అక్షరాలను అటూ ఇటూ తిప్పి పెద్ద మాట పట్టుకునే ఆట అని చాలామంది అనుకుంటారు. పత్రికల్లో వచ్చే అక్షరాల పజిళ్లు, ఫోనుల్లోని ఆటలు ఈ నమ్మకాన్ని బాగా పెంచి పోషించాయి. పజిల్‌లో ఇచ్చిన అక్షరాలను వీలైనన్ని వాడేయడమే గొప్ప. పోటీ బోర్డు మీద మాత్రం ఈ అలవాటే కొంప ముంచుతుంది.

ఒక ఎత్తును దగ్గరగా చూద్దాం. ఆటగాడి ముందుండే స్టాండు మీద సంచిలోంచి తీసిన ఏడు ఇంగ్లీషు అక్షరాల బిళ్ళలుంటాయి. బోర్డు మీద ఎన్ని వేస్తే, అన్ని మళ్లీ సంచిలోంచి తీసుకోవాలి. మీ స్టాండు మీద ఎ, ఇ, ఐ, ఎన్, ఆర్, వి, డబ్ల్యు ఉన్నాయి. పజిళ్లలో ఆరితేరిన కంటికి మినహాయింపు అనే అర్థమున్న ఆరక్షరాల ‘వెయివర్’ ఇట్టే కనిపిస్తుంది. బోర్డు మీద పాయింట్లు పెంచే బోనస్ గడుల సంగతి పక్కన పెడితే దానికి 12 పాయింట్లు. వేస్తే చేతిలో ఒక్క ఎన్ మిగులుతుంది. మిగతా ఆరూ సంచి దయ. బోర్డు మీద ఒక ‘ఓ’ అందుబాటులో ఉందనుకోండి. దానికి అటు వి, ఇటు డబ్ల్యు చేర్చి ‘వౌ’ వేయవచ్చు. వచ్చేవి 9 పాయింట్లే. మాట చిన్నది, చూడటానికీ ఏమంత ముచ్చటగా లేదు. కానీ వదిలించుకోవలసిన రెండు మొండి అక్షరాలూ ఒకే దెబ్బకు పోయాయి, ఎ, ఇ, ఐ, ఎన్, ఆర్ చేతిలో నిలిచాయి. తర్వాత సంచిలోంచి టి, జి వస్తే ‘గ్రానైట్’. టి, పి వస్తే ‘పెయింటర్’. టి, హెచ్ వస్తే ‘హెయిర్‌నెట్’. డి, ఎస్ వచ్చినా ‘సార్డిన్’ ఉండనే ఉంది. ఏడు బిళ్ళలూ ఒకేసారి దింపితే 50 పాయింట్ల బోనస్. ఆటగాళ్లు దీన్నే బింగో అంటారు. దాన్ని దింపడానికి బోర్డు మీద చోటు దొరకాలి, నిజమే. అయినా మూడు పాయింట్లు వదులుకుని ఇన్ని అవకాశాలు కొనుక్కోవడం చవక బేరమే.

నా ఉద్దేశంలో ఈ ఆటలో అసలు నైపుణ్యం ఇక్కడే ఉంది. ఏం వేశాం అన్నదానితో పాటు ఏం మిగుల్చుకున్నాం అన్నదానికీ విలువ కట్టగలగాలి. బిళ్ళ మీద ముద్రించిన అంకె ఆ విలువ చెప్పదు. ఎస్ మీద 1 అని ఉంటుంది, కానీ పోటీ ఆటగాళ్ల లెక్కలో అది దాదాపు 8 పాయింట్ల సరుకు. ఏ అక్షరంగానైనా వాడుకోగల ఖాళీ బిళ్ళకు ముద్రిత విలువ సున్నా. ఆటలో అది 25 పాయింట్లకు తక్కువ కాదు. ఇవి ఎవరో ఊహించి చెప్పిన అంకెలు కావు. క్వాకిల్ వంటి కంప్యూటర్ ప్రోగ్రాములు ఒకే స్థితి నుంచి ఆటను మళ్లీ మళ్లీ ఆడించి చూసినప్పుడు తేలిన లెక్కలు. ఆటను రూపొందించిన ఆల్ఫ్రెడ్ బట్స్‌కు ఎస్ బలం మొదట్లోనే తెలుసు. పత్రికల మొదటి పేజీల్లో ఏ అక్షరం ఎంత తరచుగా వస్తుందో లెక్కపెట్టి బిళ్ళలు పంచిన ఆయన, బహువచనాలతో ఆట మరీ తేలికైపోకూడదని 100 బిళ్ళల్లో ఎస్‌లను నాలుగుకే పరిమితం చేశాడు.

అంటే అక్షరాల పజిళ్ల సాధన వృథా అనడం లేదు. బింగో కళ్లబడనివాడు మంచి అక్షరాలను ఎంత దాచుకున్నా ఫలితం సున్నా. అయితే పోటీల్లో ఒక్కొక్కరికి ఉండేది మొత్తం ఆటకు 25 నిమిషాలు. అక్షరాలు కలియబెడుతూ కూర్చునే తీరిక అక్కడ ఉండదు. అందుకే సీరియస్ ఆటగాళ్లు అక్షరాలను వర్ణక్రమంలో పేర్చి, ఆ వరుస ఒక్కో మాటనూ గుర్తుకు తెచ్చేలా కంఠతా పడతారు. ఎ, ఇ, ఐ, ఎన్, ఆర్, ఎస్, టి అనే వరుస చూడగానే ‘రిటెయిన్స్’, ‘నాస్టియర్’, ‘స్టెయినర్’ ఒకదాని వెంట ఒకటి రావాలి. ఇది వెతుకులాట కాదు, ముఖం చూసి మనిషిని గుర్తుపట్టడం లాంటిది.

దీన్ని చివరి అంచు దాకా తీసుకెళ్లినవాడు న్యూజిలాండ్‌కు చెందిన నైజెల్ రిచర్డ్స్. ఫ్రెంచి మాట్లాడటం రాకుండానే నిఘంటువు చదివి 2015లో ఫ్రెంచి ప్రపంచ టైటిల్ గెలిచాడు. 2024లో స్పానిష్‌లోనూ అదే జరిగింది. ఇది భాషాభిమానులకు మింగుడుపడని సంగతి. అర్థం తెలియని మాటతో గెలవడం ఏం గెలుపు అని అడిగేవారున్నారు. నాకు ఆ బాధ లేదు. ఈ ఆటలో మాట అంటే బోర్డు మీద చెల్లుబాటయ్యే ఒక ఆకారం, అంతే. సాహిత్యాభిరుచికి పరీక్ష పెడతామని ఎవరూ మాట ఇవ్వలేదు.

అదే 2015లో ఆంగ్ల ప్రపంచ టైటిల్ నైజీరియా ఆటగాడు వెల్లింగ్టన్ జిగెరెకు దక్కింది. పెద్ద మాట చేతిలో ఉన్నా ఐదక్షరాల మాట వేసి, మంచి అక్షరాలు మిగుల్చుకుని, ఎదుటివారికి దారులు మూసే పద్ధతిని నైజీరియా జట్టు పట్టుదలగా సాధన చేసింది. ఏడక్షరాల మెరుపులకే చప్పట్లు కొట్టే అలవాటున్న చోట ఈ ఆట మొదట్లో పిసినారితనంగా కనిపించింది. ఫైనల్‌లో 4-0 వచ్చాక ఆ మాట ఎవరూ ఎత్తలేదేమో!

సంచి ఖాళీ అయ్యాక ఆట స్వభావమే మారిపోతుంది. పడిన ప్రతి అక్షరాన్నీ కాగితం మీద కొట్టేస్తూ వచ్చినవారికి ఎదుటి స్టాండు మీద ఏమున్నాయో కచ్చితంగా తెలుస్తుంది. పోటీ నియమాలు దీన్ని అనుమతిస్తాయి. ఎవరైనా ముందు తన బిళ్ళలు ముగిస్తే, ఎదుటి చేతిలో మిగిలినవాటికి రెట్టింపు పాయింట్లు అతనివే. 10 పాయింట్ల క్యూ ఎదుటి చేతిలో ఇరుక్కుంటే 20. కాబట్టి చివరి ఎత్తుల్లో మంచి ఆటగాడు తన అక్షరాల కన్నా ముందు ఎదుటివారి అక్షరాలను కలియబెట్టి చూస్తాడు. అందులో దాగిన మాట ఏదో, అది ఎక్కడ పడుతుందో కనిపెట్టి, ఆ గడి మీద తన రెండక్షరాల మాట పెట్టేస్తాడు.